తక్కెడ క్లాసు

గుణుపురంలో రైల్వే గేటు పక్క మేడ మీద
నా ఇన్‌స్టిట్యూటు. ఐదు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు,
బోర్డు మీద ఒడియాలో పేరు, దాని కింద చిన్నగా తెలుగులో.
వాన పడితే మూడో కంప్యూటరుకి గొడుగు పడతాం.

ఈ వారం పాఠం ఎన్‌క్యాప్సులేషన్.
నోరు తిరగని మాట. మజ్జి దమయంతి మాత్రం
"మూట కట్టడం, అంతే కదేటి సార్" అంది.
అంతే.
లోపలి సరుకు లోపలే. బయటివాడు
తలుపు కొట్టి అడగాలి గాని
గోడ దూకి చెయ్యి పెట్టకూడదు.

అభ్యాసం ఒకటి: బ్యాంకు ఖాతా రాయండి.
నిల్వని ప్రైవేటు చెయ్యండి.
వెయ్యడానికో పద్ధతి, తియ్యడానికో పద్ధతి.
బయట నుంచి మైనస్ ఐదొందలు పెట్టి చూడండి,
ఎవరు ఆపుతారో గమనించండి.

అందరూ ఖాతాలే రాశారు.
దమయంతి ఖాతాలో రెండు లక్షలు, ఊరికే చూసుకోడానికట.
పాపినాయుడు ఒక్క సెమికోలన్ మరిచిపోయి
ఇరవై తొమ్మిది తప్పుల మధ్య తల పట్టుకున్నాడు.
ఎలియాస్ రైతా ఖాతా రాయలేదు.
"మా ఇంట్లో ఎవరికీ నిల్వ లేదు ఆగ్యా,
తక్కెడ రాశాను."

క్లాసు పేరు తక్కెడ. దానికి ఒకటే గుణం, బరువు.
మొదట దాన్ని పబ్లిక్‌గా రాశాడు, కావాలనే.
కింద మెయిన్‌లో
అమ్మ పది కిలోల చింతపండు పెట్టింది.
తర్వాతి వరసలో ఎవరో వచ్చి
తక్కెడ చుక్క బరువు ఈజీక్వల్టు ఎనిమిది.
ప్రోగ్రాం ఆగలేదు, తప్పు చూపలేదు.
చక్కగా నడిచి ఎనిమిది అని అచ్చు వేసింది.

"చూశారా ఆగ్యా, ఎర్రగీత కూడా రాదు."

రెండోసారి ప్రైవేటు చేశాడు.
సరుకు పెట్టు, సరుకు తియ్యి, ముల్లు చూడు,
మూడే పద్ధతులు. బరువు మార్చే పద్ధతి
రాయనే లేదు.
అదే వరస మళ్ళీ నడిపాడు.
ఏ సంతలోనూ ఏ షావుకారునీ
ఎవరూ అననంత గట్టిగా కంపైలరు అంది:
బరువు నీది కాదు, ముట్టుకోకు.

అతను నవ్వాడు. నేను పదికి పది వేశాను.
వేసిన చెయ్యి కాసేపు మౌసు మీద అలాగే ఉంది.

మంగళవారం సంత. నాకు తొమ్మిదేళ్ళు.
చీకటితో కొండ దిగి తెల్లారేసరికి వచ్చేవారు,
కావిళ్ళలో చింతపండు, తలల మీద చీపురు కట్టలు.
నాన్న గోనెపట్టా మీద కూచుని తక్కెడ ఎత్తేవాడు.
కుడిచేతి బొటనవేలు
రాళ్ళ పళ్ళెం అంచు మీద
ఈగ వాలినట్టు వాలేది.
నేను చీటీ మీద లెక్క రాసేవాణ్ణి.
ఒకసారి అడిగాను.
"ఆరితే తగ్గిపోద్దిరా, ఆ తేమ ఎవుడు మొయ్యాలి?" అన్నాడు.
నాకు అర్థమైంది. అంటే,
అర్థమైనట్టు రాసుకున్నాను, ఎనిమిది.

ఆ డబ్బుతోనే బరంపురంలో చదువుకున్నాను.
ఈ ఐదింట్లో రెండు ఆయన కొన్నవే.
నాన్న మంచివాడు, ఇదీ నిజమే.
వానాకాలం కొండవాళ్ళకి బియ్యం అప్పిచ్చేవాడు,
అదే తక్కెడతో తూచి.

ఈ సంగతి నాలో ఎక్కడో ప్రైవేటుగా ఉంది.
చూడ్డానికి పద్ధతేదీ నేను రాయలేదు.
మీ అమ్మ ఏ ఊరి నుంచి దిగేదని
ఎలియాస్‌ని అడగబోయి
మౌసు సరిగ్గా పనిచేస్తోందా అని అడిగాను.

"రేపేం పాఠం ఆగ్యా?"
రేపు వారసత్వం.
తండ్రి క్లాసులో ఉన్నవన్నీ పిల్ల క్లాసుకి వస్తాయి,
మళ్ళీ రాయక్కర్లేదు.
"ప్రైవేటువి కూడానా?"
వస్తాయి, అన్నాను. లోపలే ఉంటాయి.
పిల్ల క్లాసు పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకవు.

అతను నోట్సులో రాసుకుని
తల ఎత్తకుండానే
"ఒక ఉదాహరణ చెప్పండి ఆగ్యా" అన్నాడు.
కింద గేటు పడింది.
పాసింజరు వస్తోంది, మేడ సన్నగా అదురుతోంది.
అది పోయేదాకా ఆగమన్నాను.