ఒక్క సర్వింగుకు

పద్దెనిమిదేళ్లుగా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టి బతుకుతున్నాను.
అమీర్‌పేటలో, మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ.
చాయ్ ఖర్చులో దాక్కున్న స్కూటర్ పెట్రోలు,
మరమ్మతుల పద్దు కింద జరిగిపోయిన మేనల్లుడి పెళ్లి,
అన్నీ నా ఎర్రపెన్నుకి చిక్కాయి.
చిక్కనిది నేనే.
నాలుగు నెలలుగా, ఒక్క గ్రాము కూడా.

అన్నం మానేశాను.
మానేశానంటే, కంచంలో.
పొద్దున మసాలా ఓట్స్, మూడు నిమిషాలు.
పదకొండింటికి పచ్చటి ఆకు బొమ్మున్న బిస్కెట్లు.
మధ్యాహ్నం మెట్రో మెట్ల కింద కొన్న గిన్నెడు సలాడ్,
దాని మీద తెల్లగా, మెత్తగా,
ఏ పాపం ఎరగనట్టు పరుచుకున్న ఏదో.
సాయంత్రం రాగి చిప్స్. వేయించినవి కావట, కాల్చినవట.
రాగి అనే మాట మీద ఉన్న గౌరవం కొద్దీ
ప్యాకెట్టు మొత్తం తినేదాన్ని.

డెబ్బై ఎనిమిది కిలోల నాలుగు వందలు.
మూసాపేట మందుల షాపు ముందున్న మిషను
ప్రతి ఆదివారం అదే అంకె అప్పజెబుతుంది,
ఒక్క ఎక్కమే వచ్చిన పిల్లాడిలా.

ఆ మంగళవారం కళ్లద్దాలు మార్చారు.
కొత్త అద్దాల్లోంచి మొదట చదివింది చిప్స్ ప్యాకెట్టునే.
అతికించిన అంచు మడత కింద
చీమల బారులా సన్నక్షరాలు.
ఒక్క సర్వింగుకు నూట నలభై కేలరీలు.
ఆహా, అనుకున్నాను.
మడత ఇంకాస్త విప్పితే,
ఈ ప్యాకెట్టులో సర్వింగులు నాలుగున్నర.

నాలుగు సరే,
ఆ అర ఎవరిది?
ఏ ఇంట్లో ఏ మనిషి
పద్నాలుగు చిప్స్ లెక్కపెట్టి తిని
మిగిలినవాటికి రబ్బరు బ్యాండు వేసి
దేవుడి గూట్లో పెట్టి నిద్రపోతాడు?

తవ్వుతూ పోయాను.
చక్కెర కలపలేదని ముందువైపు పెద్దక్షరాలు.
వెనక మాల్టోడెక్స్‌ట్రిన్, గ్లూకోజ్ సిరప్, ఖర్జూరం గుజ్జు, తేనె పొడి.
ఒకే ఆసామికి నాలుగు బినామీ ఖాతాలు.
సలాడ్ మీది ఆ తెల్లదనం విడిగా సీసాలో దొరికింది.
ఆకులన్నీ కలిపి ముప్పై, అది ఒక్కటే మూడు వందలు.
ముక్కు కంటే ముక్కెర బరువు.

ఆఫీసు ఊడ్చే నర్సవ్వ చీపురు ఆపింది.
"ఏంది మేడం, గంటసేపటి సంది గదే సదువుతున్నవ్.
నోటీసేమన్న వచ్చిందా?"
చేతికిచ్చాను.
తెరవని ఇంకో ప్యాకెట్టు కూడా ఇచ్చాను.
బత్తాయి పిసికినట్టు పిసికి చూసింది.
"గిండ్ల సగం గాలే ఉన్నది గద.
గాలి తిని గింత బరువెట్ల వెరుగుతరు?"

రాత్రి నా సొంత ఖాతా తెరిచాను,
తిన్నవన్నీ రాసుకునే నీలం నోట్‌బుక్.
ఎర్రపెన్ను పట్టుకుంటే చెయ్యి కొంచెం వెనకాడింది.
గురువారం సాయంత్రం, ఏమీ లేదు.
గురువారం సాయంత్రం మెహజబీన్‌తో ఇరానీ కేఫ్‌లో
ఉస్మానియా బిస్కెట్లు రెండు,
కాదు, మూడు,
చాయ్‌లో కరిగిపోయాయి గనక పద్దుకెక్కలేదు.
పిల్లాడు వదిలేసిన నూడుల్స్, పారేస్తే పాపమని.
మేనేజరు నా ఫైలు విసిరిన రోజు
వెనక మెట్ల మీద కూర్చుని,
అనాల్సిన మాటతో పాటు మింగిన క్రీమ్ బన్ను.
ఆ పేజీకి తారీఖు కూడా లేదు.

సన్నక్షరాలు రాయడం
కంపెనీలకే వచ్చనుకున్నాను.

ఇవాళ నాలుగున్నరకి నర్సవ్వ స్టీలు డబ్బా తెరిచింది.
జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు.
"తింటవా?"
ఏమేం కలిపావని అడిగాను, వృత్తి ధర్మం.
"జొన్నపిండి. నీళ్లు. జర్రంత ఉప్పు."
కాసేపు ఆలోచించి,
"తొక్కుల నూనె ఎక్కువనే వడ్డది.
కనవడ్తలేదా?"

కనపడుతోంది.
డబ్బా అంచు దాటి, ఆమె వేళ్ల మీద,
ఇప్పుడు నా వేళ్ల మీద.
నోట్‌బుక్ తీసి జిడ్డు చేత్తోనే రాశాను,
నూనె, ఎక్కువే.