ఎర్తు

తాళం తిప్పితే
టిక్కుమంది. అంతే.
మళ్ళీ తిప్పాను. టిక్కు.
గోడ మీద బల్లి ఔనన్నట్టే ఉంది గానీ
బండి మాత్రం ఊఁ అనలేదు.

రాత్రి రెండున్నర. మొగల్తూరు అవతల చెరువు గట్టు.
వెనక ముప్పై ఆరు ట్రేల రొయ్య, నలభై కౌంటు.
ఐసు కరిగి తొట్టి మూల నుంచి
ఒక్కో చుక్కా గట్టు మీద పడుతూ
నా కిరాయి లెక్కపెడుతోంది.

లైటేస్తే వెలిగింది,
సెల్ఫ్ కొట్టగానే గుడ్డిదైపోయింది.
హారను, నొప్పులు పడే గేదెలా మూలిగింది.
"బ్యాటరీ పోయుంటాదండి" అన్నాడు కాపలా ఏసుపాదం.
మొన్న శ్రావణంలో కొన్నది,
వాయిదాలే తీరలేదు, అదెలా పోతుంది?
టీకని అతను కాచుకున్న నీళ్ళు
టెర్మినళ్ళ మీద పోశాం.
తెల్లటి చిలుము కరిగింది.
టిక్కు.

నరసాపురంలో మస్తాను నిద్రలోంచి ఫోనెత్తి
"సెల్ఫ్ మోటారు మీద పానాతో రెండు తగిలించు" అన్నాడు.
తగిలించాను. మూడోది నా కోపానిది.
"పోనీ తోసి చూడు."
ఎక్కడికి తోస్తాం మస్తానూ,
ఇటు చెరువు, అటు చెరువు,
మధ్యలో బండి వెడల్పు నేల.

రొయ్య ఏరి, కూలి డబ్బుల కోసం కూర్చున్న ధనకుమారి
చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది.
ఈ గట్టు మీద ఏ మోటారు ఆగినా ముందు ఆవిణ్ణే పిలుస్తారట.
"ఎర్తు చూశావా అన్నా?"
నా సెల్లు పళ్ళతో పట్టుకుని బండి కిందకి దూరింది.
బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి దిగే నల్ల తీగ,
పైకి నిగనిగ.
చివర బోల్టు దగ్గర తొడుగు చీలిస్తే
లోపల రాగి లేదు,
పచ్చటి పిండి.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు.
ఇక్కడ మేం ఉప్పునీళ్ళు అమ్ముకుని తింటున్నాం,
ఉప్పు మా బళ్ళని తింటోంది.

ఎక్కడికో పోయి ఒక వైరు తెచ్చింది.
మూడు పోగులూ కలిపి మెలేసి,
కత్తితో ఛాసిస్ గీకి, ఇనుము మెరిశాక బిగించింది.
"ఇప్పుడు కొట్టు."

బండి దగ్గింది. ఉలిక్కిపడి లేచింది.
"తెల్లారేలోగా వైరు తెచ్చియ్యి.
పక్క చెరువులో నాలుగో ఏరియేటరుది."

భీమవరం షెడ్డు దగ్గర నా ముందు పదకొండు బళ్ళు.
అందరూ ఇంజన్లు ఆపి టీకి దిగారు.
నేను ఆపలేదు. డీజిలు కాలుతోంది.
అక్కడ చక్రం ఆగిన నీళ్ళలో
ఏ రొయ్య పైకి తేలి గాలికి వెతుక్కుంటోందో.

తూర్పున తెలుపు.
ఒక్క బండి ముందుకి కదిలింది.