వేళాపాళా

ఆ రాత్రి పదకొండున్నరకి
శనగలూ పందిమాంసం కలిపి ఉడికించిన కూర ముందు కూర్చుని
"అది ఇటివ్వు" అన్నాడు ఎలాడియో.
ఏది?
"అదే... తవ్వేది. నోట్లోకి తవ్వుకునేది."
ముప్పై ఏళ్ళుగా బస్సు నడిపే మనిషి
చెంచాని పార చేశాడని నవ్వాను.
అతను నవ్వలేదు.
నాలుగు నిమిషాలకి ఆ మాట తిరిగొచ్చింది,
తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడు
ఏమీ ఎరగనట్టు వచ్చి చెయ్యి పట్టుకున్నట్టు.

సరగోసా పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ఏం తింటారని అడగలేదు ముందు.
ఎప్పుడు తింటారని అడిగింది.
ఎలాడియో తన చేతులకేసి చూసుకున్నాడు.
ఆఖరి ట్రిప్పు, డిపోలో తాళాలు, రెండు వీధుల నడక,
ఆ తర్వాతే గదా కంచం.
పొద్దున?
కాఫీ. నల్లది. నిలబడే.

"ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను" అందావిడ.
"కానీ చీకటి పడ్డాక రక్తనాళాలూ
నడుం వాల్చాలనే చూస్తాయి.
మీరేమో అర్ధరాత్రి తలుపు బాది
సరుకు దించుకోమంటారు.
మెదడులోవన్నీ ఇరుకు సందులు.
పెద్ద బండి తిరిగే చోటు కాదు."

ఆ ఒక్క ముక్కే ఎక్కింది మా ఆయనకి.

సెలవు రోజైతే ఇప్పుడు ఏడింటికే వడ్డిస్తాను.
జూన్ నెల. బాల్కనీ కడ్డీలు ఇంకా చురుక్కుమంటుంటాయి.
మా దేశపు గడియారాన్ని ఎప్పుడో ఎవరో ముందుకి తిప్పి
మళ్ళీ వెనక్కి తిప్పడం మరిచారు,
సూర్యుడొకటి చెబుతాడు, గోడ ఒకటి.
పక్కింటి ప్రెసెంతా దుప్పటి ఆరేస్తూ
"ఏం, జ్వరాలా?" అంది.
నిజమే, మా వీధిలో ఈ వేళకి తినేది
పసిపిల్లలూ, రోగులూ, దారి తప్పిన టూరిస్టులూ.

డ్యూటీ ఉంటే గాజు డబ్బాలో కట్టిస్తాను.
ఏడూ నలభైకి చివరి స్టాపులో
ఎనిమిది నిమిషాలు బండి ఆగుతుంది.
తలుపులు మూసుకుని, లైట్లార్పుకుని,
స్టీరింగు మీద రుమాలు పరిచి తింటాడట.
ఒకావిడ అద్దం మీద కొట్టి
"దొంగతనంగా తింటున్నావా?" అని అడిగిందట.

రాత్రి ఇల్లు చేరి డబ్బా కడుగుతాడు.
చెంచా తుడిచి దీపానికి ఎదురుగా ఎత్తి
"చెంచా" అంటాడు.
"అవును" అంటాను.
ఇద్దరం ఖాళీ బల్ల దగ్గర కాసేపు కూర్చుంటాం,
మధ్యలో రొట్టె ముక్క కూడా ఉండదు.

పదకొండున్నరకి
నాకు మాత్రం ఆకలేస్తుంది.
చెప్పను.