రసమట్టం

గీలాంగ్‌లో బాత్రూములకు టైల్స్ పరిచే పని నాది.
పదహారేళ్లుగా
నీళ్లు ఎటు పోవాలో నేలకు నేర్పుతున్నాను.
వాలు వెంట్రుకవాసి తప్పినా
రసమట్టంలో బుడగ నన్ను పట్టిస్తుంది.

కార్యో దగ్గర ఒకరింట్లో
మోకాళ్ల మీద ఉండగా
నేల లేచి నిలబడింది.
గోడ నా కిందికొచ్చి పడుకుంది.
కుడి చెవి దిబ్బడేసి, లోపల
ఎవరో రంపం ఆన్ చేసి వదిలి వెళ్లినంత హోరు.
తడి సిమెంటు బకెట్‌ను కావలించుకుని
అందులోనే కక్కాను.
మూడు గంటలు.
హెల్పర్ కుర్రాడు బ్రాక్స్‌టన్, పందొమ్మిదేళ్లవాడు,
ఏం చెయ్యాలో తెలీక
నా తలను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు,
జిగురు ఆరేదాకా టైల్‌ని పట్టుకున్నట్టు.

ఉప్పు మానేశాను. కాఫీ మానేశాను.
మాత్రలు మార్చి మార్చి మింగాను.
వ్యాను తాళాలు సునంద హ్యాండ్‌బ్యాగులోకి పోయాయి.
అయినా వారానికి రెండుసార్లు
నేల మాట తప్పేది.

డాక్టర్ ఓల్వెన్ హాలిడే కాగితం మీద
ఒక నత్తగుల్ల గీసింది, పక్కనే మూడు వంకర గొట్టాలు.
రసమట్టమేగా, అన్నాను. ఆవిడ నవ్వింది.
"రెండున్నాయి మీకు.
ఎడమది నిజమే చెబుతుంది.
కుడిది ఒక పూట నిజం, ఒక పూట అబద్ధం.
మెదడు ఎవరి మాట నమ్మాలి?"
బాగుచెయ్యలేరా?
"నోరు మూయించగలను."
దాంతోపాటు వినికిడీ కొంత పోవచ్చని
రెండుసార్లు చెప్పింది.
రెండోసారి చెబుతుండగానే సంతకం పెట్టేశాను.

మందు సీసాను గుప్పిట్లో ఉంచి
ఒంటి వేడికి తెచ్చింది.
చల్లగా పోస్తే గది మళ్లీ గిర్రుమంటుందట.
కర్ణభేరి అని పేరు పెట్టారు గానీ
ఉల్లిపొర అది.
సూది దిగిన చప్పుడు
నేనొక్కణ్నే విన్నాను.
తర్వాత గోరువెచ్చగా ఏదో
లోపలి మెట్లు దిగుతూ పోయింది.
నీళ్లు ఎటు పోవాలో
ఇప్పుడు నాకు నేర్పుతున్నారు.

అరగంట కదలొద్దు, గుటక వెయ్యొద్దు,
మాట్లాడొద్దు.
సీలింగు టైల్స్ లెక్కపెట్టాను. నలభై రెండు.
ఒకటి వంకరగా ఉంది.

నాలుగో రోజుకి లోకం తిరగడం మానేసి
ఊగడం మొదలెట్టింది.
గోడకో అక్షరం అంటించి, దాన్నే చూస్తూ
తల అటూ ఇటూ తిప్పమన్నారు.
సునంద 'ఋ' రాసి అంటించింది,
ఇంతకంటే మెలికలది దొరకలేదని.
ఆరు వారాలు ఆ ఒక్క అక్షరమే చదివాను.
మొదట్లో అది ఈదేది.
ఒకరోజు పొద్దున గోడ మీద కుదురుగా కూర్చుంది.

ఇప్పుడు పనికి వెళుతున్నాను.
రేడియో ఎడమ పక్కన పెడతాడు బ్రాక్స్‌టన్,
అడక్కుండానే.
స్నానం చేస్తూ, సబ్బు నురగకి కళ్లు మూసుకున్నప్పుడు
ఒక వేలు గోడకి ఆనిస్తాను,
నేను పరిచిన టైల్ మీదే.
ఇంకా కుడికి కాస్త వాలుతున్నాను.
నీళ్లు మాత్రం
తూము వైపే పోతున్నాయి.