తడి తువ్వాలు

ఎలక్షన్ అయ్యేదాకా నా పని
నుదురు తుడవడం.
జీతం కాగితం మీద డ్రైవరనే ఉంటుంది.
బండి ఎవడైనా తోలతాడు,
వేళకి తువ్వాలు అందించేవాడే దొరకడంటాడు అన్న.
పక్క సీట్లో డబ్బా, డబ్బాలో నీళ్లు,
నీళ్లలో తువ్వాలు.

పొద్దున ఆరింటికి చాకలిపేట అమ్మవారి గుడి.
పూజారి మూడు వేళ్లతో విభూది అడ్డంగా లాగి
మధ్యలో కుంకం అద్దుతాడు.
ఫోటోవాడు "ఇంకోసారి సామీ" అంటే
ఇంకోసారి.
గుడికీ దర్గాకీ మధ్య నాలుగు సిగ్నళ్లు.
రెండో సిగ్నల్లో విభూది పోవాలి,
మూడో దాంట్లో కుంకం.
కుంకం మొండిది, కొబ్బరినూనె రాస్తేగాని వదలదు.
నాలుగో సిగ్నల్ దగ్గర తెల్ల టోపీ.
అద్దం నేనే. నా వంక తిరుగుతాడు,
నేను తలూపితే దిగుతాడు.

ఒక్కసారి పొరపాటైంది.
చెవి వెనక గంధం మరక ఉండిపోయింది.
నెమలీకల కట్టతో దువా చేసే ముసలాయన
మొహిద్దీన్ సాయిబు చూశాడు.
ఏమీ అనలేదు. కట్టని అక్కడే కాసేపు ఆపి
మళ్లీ తల మీదికి తెచ్చాడు.
ఆ రోజు బండిలో నాకు తిట్లు తమిళంలో పడ్డాయి.
మామూలుగా నాతో తెలుగే మాట్లాడతాడు,
కొండితోపులో మావాళ్ల ఓట్లు ఆరువేలు మరి.

ఇంట్లో వాళ్ల నాన్న.
ఎనభై దాటినా నల్లచొక్కా విప్పని మనిషి,
కొడుకు పెళ్లి అయ్యరు లేకుండా చేసిన మనిషి.
రాత్రి వీధి మలుపులో బండి ఆపి
చివరి తుడుపు తుడుస్తాను.
ఏమీ లేని నుదురు చెయ్యడం
అన్నిటికన్నా కష్టం.
పెద్దాయన గుమ్మంలోనే కూర్చుని ఉంటాడు.
కొడుకు మొహం వైపు చూడడు,
నా చేతిలో తువ్వాలు వైపు చూస్తాడు.
"ఇవ్వాళ ఎందరు దేవుళ్లు?"
"ముగ్గురయ్యా."
"జీతం పెంచమను."

కాశిమేడులో మాత్రం
(ఇది ఎవరికీ చెప్పలేదు)
ఫోటోవాడు ఐసు లారీల వెనక ఎక్కడో చిక్కుకుపోయాడు.
సెలీనా అనే ఆమె,
మొగుడి పడవ పదకొండు రోజులుగా రాలేదు,
కొవ్వొత్తి తెచ్చి అన్న చేతిలో పెట్టింది.
ఓటు మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.
సముద్రపు గాలి. ఆరిపోబోతుంటే
అరచెయ్యి అడ్డం పెట్టాడు.
మైనం కారి బొటనవేలి మీద గడ్డకట్టింది.
పెదాలు కదిలాయి,
ఏ పేరో నాకు వినపడలేదు.
బండెక్కాక తువ్వాలు చాపాను.
తీసుకోలేదు.
రాయపురం వంతెన దిగేదాకా
ఆ వేలిని ఇంకో చేత్తో పట్టుకు కూర్చున్నాడు.
తర్వాత సభ, మైకు, గజమాల.
తువ్వాలు అడిగాడు.

ప్రచారం ముగిసిన రాత్రి
దాన్ని ఇంటికి తెచ్చాను.
పసుపూ బూడిదా అత్తరూ కలిసి
ఏ రంగో చెప్పలేని రంగు.
మా ఆవిడ వజ్రమ్మ బట్టల్లో కలపనంది,
విడిగా బకెట్లో జాడించింది.
ఆ నీళ్లు మోరీలో పొయ్యబోతుంటే
చెయ్యి పట్టుకుంది.
"అందులో ఎవరి సామి ఎంతున్నాడో!
తొక్కే చోట పొయ్యకూడదు."
మెట్ల కింద పెయింటు డబ్బాలో
కరివేపాకు మొక్క.
దాని మొదట్లో వంచి
లెంపలేసుకుంది.

రేపు కౌంటింగ్. పద్దెనిమిది రౌండ్లట.
గెలిస్తే ముందు ఏ గుమ్మానికి వెళ్లాలన్నది
ఇంకా తేలలేదు, ఆఫీసులో అరుపులు.
నాకు సెలవిచ్చారు.
ఆ మొక్క రెబ్బలే ఇవ్వాళ చారులో వేసింది.
తింటూ, అలవాటుగా,
ఆకుని వేళ్లతో తీసి కంచం అంచున పెట్టబోయి
ఆగాను.