వెంట్రుకవాసి

వాగా వాగాలో నవంబరు గాలికి పొగరెక్కువ.
రై గడ్డి పుప్పొడి నెత్తికెత్తుకుని
ఉరుము కంటే ముందు ఊరేగుతుంది.
ఆ రాత్రి మేదిని గుండెల్లో
ఎవరో చిల్లుపడ్డ పిల్లనగ్రోవి ఊదారు.

నీలం పఫర్ నాలుగు సార్లు. ఆగి, మళ్ళీ నాలుగు.
తెల్లారేసరికి ఆసుపత్రిలో
ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం.
ఈ మాటని ఇన్నాళ్ళూ ఊరికే వాడేశాను.

తర్వాత మందు తన కూలి తను అడిగింది.

వేళ్ళు వణికి, బొమ్మలో
ఇంటి గోడలు అలలయ్యాయి.
"సముద్రంలో ఇల్లమ్మా ఇది" అని సర్దేసింది.
చేదు మందు తాగిన రోజుల్లో
రాత్రి రెండింటికి ఫ్రిజ్ తలుపు పట్టుకుని
ఆకలి, ఆకలి అని ఏడుపు.
ఈ వసంతంలో ఇది మూడోసారి.
చెంపకు చారెడు కళ్ళని పేరుపడ్డ పిల్లకి
ఇప్పుడు చెంపలే చారెడు.

ఆ వేళప్పుడు వాళ్ళ నాన్న
కళ్ళు మూసుకునే రాగి జావ కాస్తాడు,
పెరుగు కలిపి, ఉప్పు మర్చిపోయి.
చిప్స్ పొట్లం అల్మారా పైకెక్కింది.
నేను డబ్బా సార్డీన్లని ముళ్ళతో సహా నలిపి
చింతపండు పులుసులో దాస్తాను.
తెలిసీ తెలియనట్టు తింటుంది, దొంగ.

"రోజూ వాడే పఫర్‌తో ఎత్తు తగ్గుతుందా?"
నర్సు బ్రిజిట్ కళ్ళు తిప్పుకోలేదు.
"కొంచెం తగ్గచ్చు. సెంటీమీటరు దాకా.
ఊపిరాడని పిల్లలు కూడా ఎదగరు, తెలుసుగా?
నోరు మాత్రం పుక్కిలించాలి,
లేకపోతే నాలుక మీద తెల్లపూత."
బుజ్జగించలేదు. అందుకే నమ్మాను.

అద్దె ఇల్లు మాది. గోడ మీద గీతలు కూడదు.
తలుపు చట్రం మీద పెన్సిల్‌తో గీసి
తనిఖీకి ముందు చెరిపేసి
పఫర్ అట్టపెట్టె వెనక అంకెలు ఎక్కించుకుంటాను.
మార్చికీ ఆగస్టుకీ మధ్య వెంట్రుకవాసి.
స్కేలు తప్పేమోనని స్కేలు కూడా మార్చి చూశాను.

ఈసారి చెరపడం మర్చిపోయాను.
ఏజెంటు కుర్రాడు వంగి, ఫోటో తీసి,
"తలుపు చట్రం: స్వల్ప గుర్తులు" అని రాసుకున్నాడు.
స్వల్పమే నాయనా,
పైవాటికి చోటుంచాం.

స్నానాలగదిలోంచి గుడగుడ.
తండ్రీ కూతుళ్ళ పుక్కిలింత పోటీ.
అద్దమంతా నీళ్ళు.
ఎవరు గెలిచారో కానీ
నవ్వుకి దగ్గు రాలేదు.