వెంట్రుకంత సందు

మిర్యాలగూడ రోడ్డు మీద, ధర్మకాంటా పక్క రేకుల షెడ్డు.
లేతు కాడ సైదులు నిలబడితే
ఒక చెప్పు కింద ఇనుప రజను నల్లగ,
ఇంకో చెప్పు కింద నైలాన్ రజను తెల్లగ.

మొదటి రోజే చెప్పిండు నాకు:
"నైలాన్ నీళ్లు తాగుతదిరా. తాగి ఉబ్బుతది.
కొలతకు కొలత కోస్తే
వానాకాలం షాఫ్టును కరుసుకుంటది.
వెంట్రుకంత సందు ఇడువు."

డెల్రిన్ తాగదు. సక్కగ తెగుతది,
వేడెక్కిందా, కండ్లల్ల మిరప్పొడి.
హైలం కోసిన నాడు
సద్దన్నంల సుత కాలిన వాసన.
ఇత్తడి బుష్షు నూనె కోసం అరిచేది,
ఇవి అరవయి.
మిల్లు సేట్లు చేతిల ఎగరేసి చూసి
"గింత అల్కగున్నది, గిన్ని పైసలా?" అంటరు.

టెఫ్లాన్ కడ్డీకి ఏదీ అంటదు
గమ్ము, బురద, తడి తవుడు.
బరువు పెడితే మాత్రం
రాత్రికి రాత్రి మెల్లగ పక్కకు జరుగుతది.
దాంట్ల ఉన్నది ఫ్లోరినే అని
ఐటీఐ సారు చెప్పిన నాడు
కడ్డీని కింద పెట్టిన.
మా మర్రిగూడ దిక్కు బోర్లల్ల
చిన్నప్పటి సంది విన్న పేరది.

సైదులు మేనత్త ఇద్దమ్మ.
యాభై దాటకముందే మోకాళ్లు పట్టేసినయి,
లేవాలంటే ముందుగాల గోడను అడగాలె.
కడ్డీల దేన్నీ అంటనియ్యనిది
ఆమె బొక్కలల్ల కూసొని లేస్తలేదు.

మొన్న బుధవారం షెడ్డుకొచ్చింది.
కట్టె కొన సిమెంటు మీద జారి
మోచెయ్యి గీరుకుపోయింది.
"గా జారేదేదో మోకాళ్లల్ల పెట్టరాదు బిడ్డా" అన్నది.
సైదులు నవ్వలే.

మిల్లు రోలరు పనిల మిగిలిన పీయూ ముక్క, తేనె రంగుది,
మెత్తది. అట్లనే కోస్తే టూలు కింద
వంగి తప్పించుకుంటది.
ఐసుక్రీము ఖాజా డబ్బాల రెండు గంటలు పెట్టిచ్చిండు.
గడ్డకట్టి, చెమట పట్టిన దాన్ని
మల్ల మెత్తబడకముందే గబగబ తొలిచిండు.

నేను కాలిపర్ అందిస్తూ అడిగిన:
"ఎంత సందు ఇడువాలె అన్నా?"
"దీనికి వద్దు. బిగువుండాలె."
చెక్క సుత్తితోని నాలుగు దెబ్బలు.

ఇద్దమ్మ సిమెంటు మీద నడిచి చూసింది.
కట్టె చప్పుడు చేయలే, జారలే.
గేటు దాటుతుంటే సైదులు ఒర్రిండు:
"అరిగితే తీస్కరా అత్తా!"

ఆగి, మెడ తిరగదు గనక
మొత్తం మనిషే తిరిగి అడిగింది:
"దేన్ని? కట్టెనా, నన్నా?"